రెండు కళ్ళ మధ్య పట్టేంత పురుగు

పురుగుల్ని చంపడమే బతుకుతెరువైన మనిషి, ఒక పిల్లబల్లి కోసం పురుగుల్ని ఏరి తెచ్చి, వాటికి వేళకు తిండి పెట్టి, పక్కలు మార్చి పెంచాడంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మేమూ నవ్వాం. మెట్ల మీద నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాం. తర్వాత సంగతి తర్వాత.

మా మూడో అంతస్తులో నా గుమ్మానికి ఎదురుగుమ్మం అతనిది. వీపున మందు డబ్బా, చేతిలో పొడుగాటి పంపు గొట్టం. అందుకని వీధి వీధంతా అతన్ని పంపు అనే పిలిచేది. పెద్దవాళ్ళకి పంపబ్బాయ్, పిల్లలకి పంపు మామయ్య. నాకు మాత్రం తమ్ముడు. అలాగని తోడబుట్టినవాడేం కాదు. నేను బడి ఉద్యోగం విరమించి ఈ ఇంట్లో దిగిన కొత్తలో మా వంటింటి గూట్లో బొద్దింకల సంసారాన్ని ఖాళీ చేయించి, "అక్కగారూ, రేపటిదాకా గిన్నెలు అక్కడ బోర్లించకండేం" అన్నాడు. అక్కగారూ అన్నాక తమ్ముడు కాక ఏమవుతాడు చెప్పండి? ఆ లెక్కన అతని భార్య నన్ను వదినా అంటుంది. ఇంతకంటే గట్టిగా కుదిరిన చుట్టరికాలు నేను తక్కువే చూశాను.

పనిలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. ఒకళ్ళింట్లో అడుగుపెట్టీ పెట్టగానే ముక్కు ఎగబీల్చి, "బొద్దింకలన్నారు గానీ అమ్మా, మీకు నల్లులు కూడా ఉన్నాయి" అనేసేవాడు, చుట్టాల ముందే. ఆ ఇల్లాలి మొహం మాడిన రొట్టె అయ్యేది. పోనీ పని బాగా చేస్తాడు కదా అని మర్యాద దొరికేదా? కుర్చీ వేసేవాళ్ళు కాదు. మంచినీళ్ళడిగితే కాగితం గ్లాసులో పోసిచ్చి, "అది కూడా పట్టుకుపో నాయనా, బయట పారెయ్యి" అనేవాళ్ళు. 

"యముడి కంటే నేనే నయం అక్కగారూ. ఆయన్ని ఎవరూ ఫోన్ చేసి పిలవరు కదా!" అని నవ్వేవాడు తమ్ముడు.

మరదలు ఒకప్పుడు చొక్కాల కుట్టుకేంద్రంలో గుండీలు కుట్టేది. ఊపిరి జబ్బు ముదిరాక మాన్పించారు. ఆయాసంతో మెట్లు దిగలేదు, దిగితే ఎక్కలేదు. కిటికీ పక్క కుర్చీ, మందు పీల్చే గొట్టం, నేను తీసుకెళ్ళే కబుర్లు, అంతే ఆమె లోకం. ఇంట్లో బొచ్చున్న జంతువు వద్దు, ఈకలున్న పిట్ట వద్దు, దుమ్ము వద్దు, ఘాటు వాసన అసలే వద్దన్నాడు డాక్టరు.

"ఘాటు వాసనే మొగుడై కూర్చుంటే ఏం చెయ్యను వదినా?" అని నవ్వేది. నవ్వు సగంలో దగ్గయ్యేది.

అందుకే తమ్ముడు పని నుంచి రాగానే తిన్నగా స్నానాల గదిలో దూరేవాడు. చొక్కా, ప్యాంటూ మూత బకెట్లోకి. వేళ్ళ సందులు, గోళ్ళ కిందా సబ్బుతో రుద్ది రుద్ది, ఆమె దగ్గరికొచ్చి రెండు చేతులూ ముక్కు ముందు చాపేవాడు. ఆమె వాసన చూసి, "ఊఁ, సబ్బే" అంటే కూర్చునేవాడు. "ఇంకా ఉంది" అంటే మళ్ళీ వెళ్ళేవాడు. పెళ్ళయిననాటి నుంచీ అదే వాళ్ళ పలకరింపు.

కిటికీలో ఆమె పెట్టుకున్న మొక్కలు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. ఆ కిటికీకి ఎండ రాదు, అసలు సంగతి అది. కానీ ఆమె ఊరుకుంటుందా? "నీ చెయ్యి పడితే ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోతుందయ్యా" అనేది. వేళాకోళానికే అనేది. అతనూ నవ్వేవాడు. నవ్వుతూనే చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకునేవాడు. అది నేను చూశాను.

అలాంటివాడు ఒక సాయంత్రం అద్దాల పెట్టె ఒకటి గుండెకు హత్తుకుని మెట్లెక్కి వచ్చాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతూ, కొత్తవాళ్ళు దిగేలోపు గదులన్నీ మందు కొట్టించమన్నారట. మూల గదిలో ఈ పెట్టె వదిలేశారు. ఏం చెయ్యమంటారని ఫోన్ చేసి అడిగితే, "అందులో బల్లి ఉంటుంది, దాని పని కూడా చూసెయ్" అన్నారట.

"చూసెయ్యలేకపోయాను అక్కగారూ. నావంక చూసింది."

మరదలు కెవ్వుమంది. "బల్లిని తెచ్చావా? గోడల మీదున్నవి చాల్లేదా?"

"ఇది గోడెక్కదే. ఎక్కడం దీనికి రాదు. నీలాగే, నేల మీదే దీని బతుకు."

"నన్ను బల్లితో పోలుస్తున్నాడు వదినా, వింటున్నారా!"

విన్నాను, చూశాను కూడా. నా చూపుడువేలంత ఉంది. పసుపు మీద నల్లటి పట్టీలు, ఇంత లావు తల, సన్నటి తోక. విదేశపు జాతి బల్లట, గెకో అంటారట. మరదలు భయపడుతూనే మొహం దగ్గరగా పెట్టింది. అది ఆమెను చూసి నెమ్మదిగా రెండు కళ్ళూ మూసి, తెరిచింది. గోడ మీద బల్లికి రెప్పలుండవు, గమనించారా? దీనికున్నాయి.

"కళ్ళు మూసింది! మనిషిలా మూసింది వదినా!" అంది మరదలు. బొచ్చు లేదు, ఈక లేదు, దుమ్ము లేదు, వాసన లేదు. డాక్టరు వద్దన్నది ఏదీ దాని దగ్గర లేదు. ఆ సాయంత్రమే దానికి చిటికెడు అని పేరు పెట్టేసింది.

మర్నాడు మెట్ల మీద ఎదురుపడి తమ్ముడు గొంతు తగ్గించి అన్నాడు: "ఇదొక్కటి నా చేతిలో బతకాలి అక్కగారూ. ఇదొక్కటి."

బతకాలంటే తినాలి కదా. అక్కడే వచ్చింది తంటా. చిటికెడు ఆకు ముట్టదు, అన్నం ముట్టదు. పురుగే కావాలి, అదీ ప్రాణంతో కదిలే పురుగు. మన తమ్ముడికి పురుగులకేం కరువు, రోజుకో గంపెడు చూస్తాడు అనుకున్నాను. ఆ మాటే అంటే తల అడ్డంగా ఊపాడు.

"ఈ చుట్టుపక్కల బొద్దింకన్నదాన్ని నమ్మడానికి లేదక్కగారూ. ఏది చూసినా ఏదో ఒక ఇంట్లో నేను పెట్టిన మందు తిన్నదే అయ్యుంటుంది."

తను చంపగా మిగిలినవి కూడా పనికిరావన్నమాట. ఇక పెంపుడు జంతువుల షాపుకి పోవాల్సిందే. ఒక్కడూ వెళ్ళడానికి మొహమాటపడితే నేను తోడెళ్ళాను. నాకు మాత్రం ఇంట్లో పనేముంది, షికారు షికారూ అవుతుంది, చోద్యం చోద్యమూ అవుతుంది.

షాపులో ఒకమ్మాయి ఉంది, జుట్టు పైకి ముడేసుకుని చిలకలకి గింజలు పోస్తోంది. ఆమె వెనక అర మీద జల్లెడ మూతల డబ్బాలు. వాటిలో రకరకాల పురుగులు లుకలుకలాడుతున్నాయి. తమ్ముడు వాటివంక చూసిన చూపు చెబితే నమ్మరు. మిఠాయి కొట్టు ముందు పిల్లాడిలా ఉన్నాడు.

"బల్లి ఎంతుంది అంకుల్?"

"ఇంత" అని వేలు చూపించాడు.

"అయితే ఒకటే గుర్తు పెట్టుకోండి. దాని రెండు కళ్ళ మధ్య ఎంత దూరముందో పురుగు అంతకంటే పెద్దదుండకూడదు. పెద్దది పెడితే మింగలేదు. మింగినా అరగదు."

తమ్ముడు మెత్తగా, చప్పుడు లేకుండా ఉన్నాయని పిండిపురుగుల్ని చూపించాడు. పైపెంకు గట్టిగా ఉంటుంది, పసిదానికి వద్దంది అమ్మాయి. తెల్లగా బొద్దుగా ఉన్న మైనపు పురుగులు చూపించాడు. అవన్నీ కొవ్వే, మరిగిందంటే ఇక వేరేవి ముట్టదంది. 

"మా మనవడికి చాక్లెట్లలాగ" అన్నాను నేను. 

"కరెక్టు ఆంటీ" అంది. చివరికి కీచురాళ్ళ పిల్లల్ని తీసింది. చీమ కంటే కాస్త పెద్దవి, గోధుమరంగువి, ఎగిరి గంతులేసేవి. క్యాల్షియం పొడిలో దొర్లించి పెట్టాలట, లేకపోతే బల్లి ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోతాయట. తినగా మిగిలినవి పెట్టెలో ఉంచకూడదట, నిద్రపోతుంటే బల్లినే కొరుకుతాయట. మగవి పెద్దయితే రెక్కలు రుద్ది పాడతాయట. పాట మొదలెట్టాక ఇంక కొన్ని వారాలే వాటి ఆయుష్షట.

"ఇంకో సంగతి అంకుల్. మీరు బల్లికి పెట్టే ముందు పురుగులకి మంచి తిండి పెట్టాలి. క్యారెట్టూ, ఆకుకూరా. పురుగు ఏది తింటే మీ బల్లి అది తిన్నట్టే." ఆ మాట చెబుతూ, అతని దగ్గర ఏదో వాసన తగిలినట్టు ముక్కు ముడిచి, "మీరేం పని చేస్తారు అంకుల్?" అంది.

తమ్ముడు చెప్పాడు. ఆ పిల్ల డబ్బాని అతని చేతికివ్వలేదు. నా చేతికిచ్చింది.

బయటికొచ్చాక, "అంకులట! ఆ పిల్లకి నేను అంకుల్లా కనబడ్డానా?" అని నవ్వించబోయాడు. చేతులు మాత్రం జేబుల్లోనే ఉన్నాయి.

ఇక చూడండి సంబరం. కీచురాళ్ళకో పెద్ద డబ్బా, పైన సన్నటి వల, లోపల గుడ్ల అట్టలు. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టారు. చిటికెడు పెట్టె మరదలు కుర్చీ పక్కన. పంపూ, మందులూ, పని బట్టలూ కింద మెట్ల కింది గూట్లోకి దిగిపోయాయి. తమ్ముడు ప్రతి ఉదయం క్యారెట్టు కోరి పెట్టేవాడు. పురుగుల్ని చంపినంత శ్రద్ధగానే పెంచాడంటే అబద్ధం కాదు. పెట్టేది మరదలు. కనుబొమల పట్టకారుతో ఒక్కో కీచురాయినీ పట్టి పొడిలో దొర్లించి, "ఇది కళ్ళ మధ్య పడుతుందా వదినా? చూసి చెప్పండి" అని నన్నడిగేది. నేను కళ్ళద్దాలు సర్దుకుని తీర్పు చెప్పేదాన్ని. చిటికెడు ముందు తోక కొస ఆడించేది, పిల్లిలాగ. తర్వాత ఒక్క దూకు. తిన్నాక నాలుక తీసి పెదవులు నాక్కునేది.

"ఎంత మర్యాదో చూడు. నువ్వెప్పుడన్నా అలా మూతి తుడుచుకున్నావా?" అనేది మొగుణ్ణి.

ఒకరోజు పురుగుల్ని ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మారుస్తుంటే ఒకటి తప్పించుకుని బీరువా కిందికి పోయింది. ఊళ్ళో పురుగులన్నిటినీ గడగడలాడించినవాడు బోర్లా పడుకుని, టార్చి లైటేసి, చీపురు పుల్లతో వెతికాడు. దొరకలేదు. 

"అవన్నీ నిన్ను చూసి పారిపోతుంటే ఇది నీ ఇంట్లోనే కాపురం పెట్టిందయ్యా!" అని మరదలు నవ్వింది. ఆవేళ దగ్గు రాలేదు. నేను గమనించాను, అతనూ గమనించాడు. ఇద్దరం ఏమీ అనలేదు, దిష్టి తగులుతుందని.

చిటికెడు తోక లావెక్కింది. ఈ జాతికి ఒంట్లో బలమంతా తోకలోనే దాచుకోవడమట. తమ్ముడు రాగానే చేతులు చూపించి, "సబ్బే" అనిపించుకుని, అప్పుడు తోక చూసేవాడు. "మొన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది కదక్కగారూ?" ఉందనేదాన్ని. నిజంగానే ఉంది.

తీపి ఉన్నచోటికి చీమ రాకుండా ఉంటుందా? క్యారెట్టు కోరు వాసనకి ఒక ఉదయం వంటింటి బల్ల కాలు వెంబడి సన్నటి బారు బయల్దేరింది. గోడ వెంట, బల్ల మీదుగా, వల అంచు దాకా. అప్పుడే నిద్ర లేచి పనికి బయల్దేరుతున్న తమ్ముడి కంట ఆ బారు పడింది. అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. బడిలో వాడే సుద్ద కాదు, చీమలకి గీసే మందు సుద్ద. పంపూ బట్టలూ కిందికి పంపాడు గానీ, ఆ రోజు వేసుకున్న ఉతికిన చొక్కాలోకి కూడా ఆ ముక్క ఎలా చేరిందో చేరింది. నా చేతికి ఇన్నేళ్ళు సుద్దముక్క ఎంత అలవాటో అతని చేతికి అది అంత. నల్లబల్ల కనిపిస్తే నా చెయ్యి లేచినట్టే చీమల బారు కనిపిస్తే అతని చెయ్యి లేస్తుంది. మనసు దాకా పోదు ఆ కబురు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారే, పనితో వచ్చిన బుద్ధీ అంతే. బల్ల కాళ్ళ చుట్టూ గీశాడు, గోడ మీద గీశాడు, డబ్బా మూత మీద వల అంచున చుట్టూ ఒక గీత గీశాడు. మంచి గట్టి గీత. పొడి రాలి ఉంటుంది కింద క్యారెట్టు మీద. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఎవరింట్లోనో గిన్నెలు తోమే తొట్టి కింద దూరి, గోడ మూల అదే సుద్దతో గీస్తుండగా గుర్తొచ్చిందట. పంపు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. మెట్ల మీద ఆ అడుగుల చప్పుడుకి నేను తలుపు తీశాను. ఇద్దరం ఒకేసారి లోపలికెళ్ళాం.

మరదలు కుర్చీలో కూర్చుని వెలిగిపోతోంది. అతన్ని చూడగానే, "ఏమయ్యా, అప్పుడే వచ్చేశావేం? వచ్చావు గానీ విను. ఇవాళ చిటికెడు ఒక్కదాన్నీ తప్పించుకోనివ్వలేదు! పెట్టినవి పెట్టినట్టు టకటకా పట్టేసింది. ఎంత చురుకొచ్చిందో!" అంది.

చిటికెడుకి చురుకు రాలేదు. కీచురాళ్ళే మందగించాయి. 

తమ్ముడు వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత చూశాడు. లోపల గుడ్ల అట్టల మీద మిగిలినవన్నీ వెల్లకిలా పడి కాళ్ళు తన్నుకుంటున్నాయి. ఆ తన్నుకోవడం అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? వంటింటి గుమ్మంలో అలాగే కూలబడ్డాడు.

"ఏమైందయ్యా?" అంది మరదలు.

"నేనే" అన్నాడు. "చీమలొచ్చాయని... నేనే గీశానే."

జంతువుల డాక్టరు దగ్గరికి పెట్టె నేనే పట్టుకెళ్ళాను, ముట్టుకోనన్నాడతను. అప్పటికే చిటికెడు తల వణుకుతోంది. డాక్టరు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, ఒక చుక్క మందేదో నోట్లో వేసి, "ఇంత చిన్న ప్రాణానికి ఇంతకంటే చెయ్యడానికి లేదండీ, ఇంటికి తీసుకెళ్ళి వెచ్చగా ఉంచండి" అన్నాడు. ఆ వెచ్చగా ఉంచండి అన్నదాని అర్థం ఎవరికి తెలీదు?

మధ్యాహ్నం ఎండ ఎదురింటి గోడ మీద ఉండగానే అయిపోయింది. మరదలు అరచేతిలో పెట్టుకుంది. చిటికెడు నెమ్మదిగా కళ్ళు మూసింది. గోడ బల్లయితే తెరిచిన కళ్ళతోనే పోయేది. ఇది మూసింది, మనిషిలా. లావెక్కిన తోక లావుగానే ఉంది.

తమ్ముడు దూరంగా నిలబడి, "తిట్టవే" అన్నాడు. "నోటికొచ్చినట్టు తిట్టు."

"తిట్టడానికి ఊపిరి కావాలి కదయ్యా" అంది. అంతే అంది.

ఆ తర్వాత ప్లాస్టిక్ పువ్వుల హాస్యం ఆ ఇంట్లో మళ్ళీ వినలేదు నేను. ఆ మాట వేళాకోళంగా ఉన్నంతకాలమే అనగలిగింది. నిజమయ్యాక ఎలా అంటుంది? ఇంకో బల్లిని తెచ్చుకుందాం అని నేనే ఒకసారి నోరు జారాను. ఇద్దరూ నావంక చూసిన చూపుకి, నాకు పాలు పొయ్యి మీదున్నాయని చెప్పి వచ్చేశాను.

కొన్నాళ్ళకి, దీపాలు వేసే వేళ, వాళ్ళింట్లోంచి కీచుమని పాట మొదలైంది. బీరువా కింద దూరినది! అందరూ మర్చిపోయిన ఆ ఒక్కటి ఏం తిని బతికిందో, పెద్దదై రెక్కలు రుద్దుతోంది. కింది వాటా బస్సు డ్రైవరు మెట్లెక్కి వచ్చి, "ఏం పంపబ్బాయ్, నీ ఇంట్లోనే పురుగా! వైద్యుడింట్లో రోగంలా ఉందే! ఒక్క పిచికారీ కొట్టరాదూ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అన్నాడు. 

తమ్ముడు, "చూస్తాలే అన్నా" అన్నాడు. 

డ్రైవరు దిగిపోయాక మరదలు నాతో అంది, అతను ఎదురుగానే ఉన్నా నాతోనే: "దాని జోలికి వెళ్ళొద్దని చెప్పండి వదినా."

"వెళ్ళనే" అన్నాడతను.

ఆమె రోజూ గోడ పట్టుకుని లేచి బీరువా కింద క్యారెట్టు తొక్క పెట్టేది. అతను ఆ గదిలోకి వెళ్ళడమే మానేశాడు. పని నుంచి వచ్చి, కడుక్కుని, గుమ్మం బయటే చాప వేసుకుని పాట వింటూ కూర్చునేవాడు. చేతులు ఆమె ముక్కు ముందు చాపేవాడు కాదు, ఆమె అడిగేదీ కాదు.

ఒక సాయంత్రం పాట లేదు. మర్నాడూ లేదు. షాపు అమ్మాయి చెప్పిన వారాలు నాకు గుర్తున్నాయి. దాని ఆయుష్షు అంతే. ఆ మాట చెబుదామనే నేను వాళ్ళింటికి వెళ్ళాను. మరదలు బీరువా వైపు చూస్తూ కూర్చుంది. నిన్నటి క్యారెట్టు తొక్క ముడుచుకుపోయి అలాగే ఉంది. 

"వయసైపోయి పోయిందమ్మా. అవి అంతే బతుకుతాయి, ఆ పిల్ల ముందే చెప్పింది, నేను విన్నాను కదా" అన్నాను.

"అవును వదినా" అంది. విన్న మొహం కాదు.

తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో ఆగి చెవి ఒగ్గాడు. స్నానాల గదిలోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. బయటికొచ్చి, ఎన్నాళ్ళకో, తిన్నగా ఆమె ముందుకొచ్చాడు.

"నువ్వేమైనా చేశావా?" అంది.

"లేదే. నీ మీదొట్టు. ఇప్పటిదాకా ఈ గదిలోకే రాలేదు."

రెండు చేతులూ ఆమె ముక్కు ముందు చాపాడు. వేళ్ళు నీళ్ళలో నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆమె ఆ చేతుల్ని చూసింది. వాసన చూడలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"నమ్ముతున్నాలే. చేతులు కడుక్కుని రా, అన్నం పెడతాను" అంది.

అతను ఇంకా అక్కడే నిలబడ్డాడు, చేతులు చాపుకునే. తర్వాత మళ్ళీ వెళ్ళి కడుక్కున్నాడు.